చిన్నమ్మ తుంటి, నా ఉత్తుత్తి ఎక్స్‌రేలు

నేనేం పని చేస్తానని ప్రొద్దుటూరులో ఎవరైనా అడిగితే "ఎక్స్‌రేలు తయారుచేస్తాను" అని చెబుతాను. "తయారుచేసేదేంది? తీస్తావా?" అంటారు. తీయను. నా ఎక్స్‌రేల్లో మనిషి ఉండడు. ఈ ముక్క చెప్పగానే చాలామంది మాట మార్చేస్తారు. నాకూ అదే హాయిగా ఉండేది. ఆ మనిషి లేకపోవడమే పది రోజులపాటు నాకు తిండి సహించకుండా చేస్తుందని అప్పుడు తెలియదు.

మా ఇంటి పైగదిలో కూర్చుని బెంగళూరులోని ఒక కంపెనీకి పనిచేస్తాను. నా కంప్యూటర్లో ఒక తొడ ఎముక ఉంటుంది. ఎవరిదో స్కానింగు నుంచి పేరూ ఊరూ తీసేసి కట్టిన ఎముక అది. తుంటి మార్పిడి ఆపరేషన్లో డాక్టర్లు తొడ ఎముక బోలులోకి ఒక లోహపు కాడను దించుతారు. దాని పైకొసన ఒక గుండు, ఆ గుండు తిరగడానికి పైన ఒక గిన్నె. ఇవి కూడా నా దగ్గర బొమ్మలుగా ఉంటాయి. కాడను ఎముకలో అమర్చి, ఒకచోట నుంచి లేని కిరణాలను వదులుతాను. ఒక్కో కిరణానికి ఎంత కండ, ఎంత ఎముక, ఎంత లోహం అడ్డొచ్చిందో కంప్యూటరు లెక్కకట్టి, ఎక్కువ అడ్డొచ్చినచోట తెల్లటి చుక్క, అడ్డేమీ లేనిచోట నల్లటి చుక్క పెడుతుంది. అట్లా లక్షల చుక్కలు కలిస్తే అచ్చం ఆస్పత్రిలో తీసినట్టే ఎక్స్‌రే వస్తుంది.

ఎందుకీ ఉత్తుత్తి ఎక్స్‌రేలు అంటే, కాడ కదిలితే కనిపెట్టే ప్రోగ్రాముకు చదువు చెప్పడానికి. నిజమైన మనిషి ఎక్స్‌రేలో కాడ ఎంత కదిలిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. నా ఎక్స్‌రేలో నేను చెప్పగలను. కదిపింది నేనే కాబట్టి.

మొదట్లో మా టీం లీడ్ నా బొమ్మలు చూసి "మరీ శుభ్రంగా ఉన్నాయండీ, ఇవి మనుషులవి అంటే ఎవరూ నమ్మరు" అన్నాడు. ఆయనది గుంటూరు వైపు. ఏం చేయాలో తోచక కూర్చుంటే, ఇంటికొచ్చిన మా చిన్నమ్మ నా భుజం మీద నుంచి తొంగిచూసి "మొలతాడు యాడ? పిన్నీసు యాడ? తాయెత్తన్నా ల్యాకుండా ఏ మనిషి పోయి పడుకుంటాడు ఎక్స్‌రేకి?" అంది. ఆ వారమంతా నేను వెండి మొలతాళ్లూ, పిన్నీసులూ తయారుచేసి ఆ ఎముకల మీద వేశాను. మా లీడ్ మెచ్చుకున్నాడు.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. జమ్మలమడుగు డిపోలో కండక్టరు. ఇరవై ఏళ్లుగా బస్సులో నిలబడే ఉంది. ఇంటికొచ్చినా కూర్చోదు. గోడకు చేయి ఆనించి నిలబడే కాఫీ తాగుతుంది, నిలబడే కబుర్లు చెబుతుంది. అట్లాంటి మనిషికి నలభై ఏడో ఏట కుడి తుంటిలో ఎముక తలకు రక్తం అందక పాడైపోయింది. కీలు మార్చారు. ఎనిమిది నెలలు సెలవు. ఆ ఎనిమిది నెలలూ ఆమె కంటే చిన్నాయన ఎక్కువ బాధపడ్డాడు. ఇంట్లో ఉండలేక శనగ పొలానికి తెల్లారకముందే పోయేవాడు.

సెలవు ముగిసే ముందు ఒక ఉదయం ఆమె రెండు ఎక్స్‌రే ఫిల్ములు చంకలో పెట్టుకుని ప్రొద్దుటూరు వచ్చింది.

"దినామూ ఎముకల బొమ్మలు చేస్తాండావు కదా పాపా. ఇవి రెండూ చూసి చెప్పు, బాగుండాయా?"

"డాక్టరు ఏమన్నాడు?"

"బాగుండాది, డ్యూటీకి పో అన్నాడు."

"మరి ఇంకేంది?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. "కూర్చోని లేసినప్పుడు మొదటి రెండడుగులు. తొడలో లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు ఉంటాది. మూడో అడుగుకు ఏమీ ఉండదు. బాగుంటే నొప్పి ఏటికి వస్తాది?"

పని కోసం నేను చదివిన కాగితాల్లో ఆ మాట చాలాసార్లు ఉంది. లేవగానే మొదటి అడుగుల్లో తొడ నొప్పి వస్తే కాడ వదులైందేమో చూడాలని. కానీ అవి కాగితాలు. ఇది మా చిన్నమ్మ.

"ఫోటోలు తీసుకుంటా. చూసి చెప్తాలే" అన్నాను.

ఫిల్ములను కిటికీ అద్దానికి అంటించి ఫోనుతో తీశాను. ఒకటి ఆపరేషనైన మర్నాటిది. రెండోది పోయిన నెలది. రెండూ ఎదురు వైపు నుంచి తీసినవే. పక్కపక్కన పెట్టి చూస్తే రెండోదాంట్లో కాడ భుజం, అంటే దాని పైభాగపు మూల, కొంచెం కిందికి ఉన్నట్టు అనిపించింది. అనిపించడమే. ఒకసారి ఉన్నట్టుండేది, కన్ను తుడుచుకుని చూస్తే లేనట్టుండేది.

అప్పుడు నాకు వచ్చిన పనే చేశాను. ఆమె ఎముకకు దగ్గరగా ఉండే ఎముకను వెతికి, అదే ఆకారం కాడను దించి, రెండో ఫిల్ముతో సరిపోయేదాకా అటూ ఇటూ కదుపుతూ ఉత్తుత్తి ఎక్స్‌రేలు తీస్తూ పోయాను. రెండో రోజుకు సరిపోయింది. కాడ రవ్వంత కిందికి దిగబడింది. లేచి మిద్దె మీదికి పోయి నాలుగు చుట్లు తిరిగి వచ్చాను. మళ్లీ కూర్చుని, ఈసారి కాడను అసలు కదపకుండా, కాలును మాత్రం కొంచెం లోపలికి తిప్పి తీశాను. ఎక్స్‌రే బల్ల మీద పడుకున్నప్పుడు పాదం కాస్త వాలినా నీడ మారుతుంది కదా. అదీ సరిపోయింది!

ఒకదాంట్లో చిన్నమ్మ కాలు పాడైంది. ఒకదాంట్లో ఏమీ కాలేదు. రెండు బొమ్మలూ ఒకటే.

ఆ తరవాతి రోజులు నేను కుదురుగా కూర్చున్నది లేదు. కంపెనీ పని పెట్టుకుని మధ్యలో ఆ ఫైలు తెరిచేదాన్ని. మూసేదాన్ని. అన్నం ముందు కూర్చుని మా అమ్మ ఏదో అడిగితే ఇంకేదో చెప్పేదాన్ని. కూరగాయలకని మార్కెట్టుకు పోయి, కుంటుతున్న ఎవరో ఆడమనిషి వెనక రెండు వీధులు నడిచి, సంచి ఖాళీగా ఇంటికొచ్చాను. ఆమె మొదటి రెండడుగులు ఎట్లా వేస్తుందా అని చూడాలనిపించింది, అంతే. ఇంకేమీ లేదు.

మా లీడ్‌కు ఫోన్ చేసి, తెలిసినవాళ్ల ఎక్స్‌రే అని చెప్పి అడిగాను. ఆయన అంతా విని నెమ్మదిగా అన్నాడు. "ఫోను ఫోటో పెట్టుకుని మనం పేషెంటు సంగతి చెప్పకూడదండీ. మీరు డాక్టరు కాదు. ఆ మాట వాళ్లకు చెప్పేయండి."

చెప్పేయాల్సింది. చిన్నమ్మ రోజూ ఫోన్ చేస్తూనే ఉంది. "చూసినావా?" "ఇంకా ల్యా చిన్నమ్మా, పనుండాది." "చూసినావా?" "రేపు చెప్తా." నాకు తెలియదు అనే రెండు మాటలు నా నోటికి రాలేదు. వీధిలో అందరికీ నా గురించి ఆమే చెప్పేది, మా పాప ఎముకల లోపలికి చూస్తుందని. కాలు పాడైందేమో అని చెబితే, అది తప్పైతే, ఆమె ఉద్యోగం పోతుంది. బాగుంది అంటే, అది తప్పైతే... అక్కడికి వచ్చి నా ఆలోచన ఆగిపోయేది. మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది.

ఏడో రోజో ఎనిమిదో రోజో ఆమె "ఏందే, చూసినావా ల్యాదా?" అని గట్టిగా అడిగింది. నేను "బాగుండాదిలే చిన్నమ్మా" అనేశాను. అన్న మరుక్షణం వెనక్కి తీసుకోవాలనిపించింది. ఆమె అప్పటికే ఫోను పెట్టేసింది.

రెండు రోజుల తరవాత నేనే ఫోన్ చేశాను. అవతల ఇంజను చప్పుడు, ఆడవాళ్ల గోల. "డ్యూటీలో ఉండా పాపా! పులివెందుల బండి. శానా రద్దీ. మళ్లీ చేస్తా!" అంది. ఎనిమిది నెలల్లో ఆమె గొంతులో అంత సంతోషం వినలేదు.

నేను ఆ రోజు పని సగంలో వదిలేసి పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే, ఆమె నా దగ్గరే వదిలిపోయిన ఫిల్ములు సంచిలో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. ఆ స్టాండులో దిగి, పులివెందుల బండి ఎక్కడుందో చూసుకుని, ఆమె ఎక్కకముందే వెనక సీటులో కూర్చున్నాను.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచీ ఆ బండ్లు ఎట్లా ఉంటాయో ఎక్కినవాళ్లకు తెలుసు. సీట్లు నిండి, దారి నిండి, మెట్లు నిండి ఉన్నాయి. చిన్నమ్మ ఖాకీ చొక్కా తొడుక్కుని, టికెట్ మిషను మెడకు వేసుకుని, "ఆధార్ కార్డులు తీసి పెట్టుకోండమ్మా, చేతిలో పెట్టుకోండి, సంచిలో వెతకద్దండి!" అని అరుస్తూ మనుషుల మధ్య నుంచి తోసుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగింది. "ఏంది, నువ్వు యాడికి పోతాండావు?"

"పులివెందులకు. పనుండాది."

సున్నా టికెట్ చించి నా చేతిలో పెట్టి ముందుకు పోయింది.

ముద్దనూరు దాకా ఆమెను చూస్తూనే ఉన్నాను. మనుషులకు టికెట్లు అయిపోతే తన సీట్లో కూర్చునేది. స్టాపు రాగానే లేచేది. లేచేముందు కమ్మీని పట్టుకునేది. ఒక్క క్షణం ఆగేది. మొదటి అడుగు వేసేటప్పుడు పెదవి పళ్ల కింద పెట్టుకునేది. రెండో అడుగు కాలు ఈడ్చేది. మూడో అడుగు నుంచి మామూలుగా నడిచి, ఎవరితోనో నవ్వుతూ ఏదో అనేది. ప్రతి స్టాపులోనూ అంతే. లెక్కపెట్టుకోవడం మానేశాను.

తొండూరులో చాలామంది దిగారు. నా పక్కన ఖాళీ అయింది. చిన్నమ్మ వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు, ఏం పని నీకు పులివెందులలో?"

"చిన్నమ్మా, నేను చెప్పింది అబద్ధం."

"ఏది?"

"కాలు బాగుండాదని. బాగుండాదో ల్యాదో నాకు తెలీదు. రెండు రకాలుగా చేసి చూసినా. రెండూ నీ ఫిల్ము మాదిరే వచ్చినాయి. ఒకదాంట్లో లోపల కాడ దిగబడిండాది. ఒకదాంట్లో ఏమీ కాలేదు."



"తెలీదని చెప్పేదానికి నీకు ఇన్ని దినాలు పట్టిందా?"

"పట్టింది చిన్నమ్మా."

"నీ మాట మీద బస్సెక్కినా నేను."

"తెలుసు చిన్నమ్మా."

"ఏం తెలుసు నీకు? ఏమీ తెలీదు" అంటూ లేవబోయి, కమ్మీ పట్టుకుని, మళ్లీ కూర్చుండిపోయింది. నా వైపు చూడలేదు. కిటికీ అవతల అరటితోటలు పోతున్నాయి. అటు చూస్తూనే అంది. "ఆ డాక్టరుదేం తప్పు ల్యా. నొప్పుందని ఆయనకు నేను చెప్పల్యా. చెప్తే డ్యూటీకి పొమ్మని కాగితం రాయడు కదా."

పులివెందుల స్టాండులో ఆమె కంట్రోలరు దగ్గరికి పోయి, టికెట్ మిషను బల్ల మీద పెట్టి, "నాకు ఒంట్లో బాగలేదు. వెనక్కి బండికి ఇంకొకర్ని చూడు సామీ" అంది. ఆయన నమ్మలేనట్టు చూశాడు. సగం డ్యూటీలో ఆమె బండి దిగడం ఎవరూ ఎరగరు.

ఆ ఊళ్లో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పెద్దాయన, తక్కువ మాట్లాడే మనిషి. ఈసారి చిన్నమ్మ ఏమీ దాచకుండా చెప్పింది. ఆయన పాత ఫిల్ములు వెలుగులో పెట్టి చూసి, నేనేమీ అడగకముందే, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి అని చీటీ రాశాడు.

ఎక్స్‌రే గదిలో పనిచేసే అతను చిన్నమ్మను బల్ల మీద పడుకోబెట్టాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉండబట్టలేక "అన్నా, మోకాటి చిప్ప నేరుగా పైకి ఉండేట్టు చూడు" అన్నాను.

"ఏమ్మా, నాకు నేర్పిస్తాండావా?" అన్నాడు. కోపంగా కాదు. వంగి, రెండు చేతులతో ఆమె పాదం పట్టుకుని, నెమ్మదిగా లోపలికి తిప్పి, అది వాలిపోకుండా ఇసుక సంచి ఆనించాడు. "నొప్పి పుడితే చెప్పక్కా" అన్నాడు. నేను అదే కాలును రోజుకు కొన్ని వందల సార్లు తిప్పుతాను, ఒక అంకె కొట్టి. ఆ కాలు బరువు ఎంతుంటుందో ఎప్పుడూ అనుకోలేదు.

అద్దం ఇవతల గదిలోని తెర మీదికి మొదటి బొమ్మ వచ్చింది. కాలు నేరుగా ఉంది. కాడ దిగబడలేదు. ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. నవ్వాను కూడా. అద్దంలోంచి చిన్నమ్మకు చేయి ఊపాను, బాగుందని.

తరవాత పక్క నుంచి తీసిన బొమ్మ వచ్చింది.

కాడ కింద కొస వెనక్కి వాలి ఉంది. ఎముక వెనక గోడను తాకుతోంది. కాడ చుట్టూ నల్లటి దారం లాంటి గీత. ఎదురుగా చూస్తే ఆ వాలు కనపడదు. ముందువెనకల కదలిక ముందు నుంచి చూసినప్పుడు దాక్కుంటుంది. నేను కాడను కిందికి దించాను, కాలును పక్కకు తిప్పాను. వెనక్కి వాల్చలేదు. ఆ ఆలోచనే రాలేదు. పది రోజులు రెండింటిలో ఏదో ఒకటి అని కొట్టుకున్నాను. ఆ రెండూ కాదు.

డాక్టరు చిన్నమ్మతోనే మాట్లాడాడు. "కాడ ఎముకకు అంటుకోలేదమ్మా. లోపల ఊగుతా ఉంది. నువ్వు లేచినప్పుడల్లా దాని కొస ఎముకను పొడుస్తాంది. ఇట్లనే నిలబడి ఉద్యోగం చేస్తే ఎముక చీలుతుంది. తీసి, పొడుగుది వేయించుకోవల్ల."

"వేయించుకుంటే మళ్లీ బస్సెక్కొచ్చా సార్?"

"ముందు నడువమ్మా" అన్నాడాయన.

బయటికి వచ్చి చెరుకురసం బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. ఆమె రసం తాగలేదు. గ్లాసు చేతిలో తిప్పుతూ ఉంది. నేను ఏదో అనబోయాను. చేత్తో ఆపింది.

"నువ్వు చేసిన ఆ రెండు బొమ్మలు చూపీ."

ఫోనులో తెరిచి చూపించాను. ఆమె వేళ్లతో పెద్దవి చేసి, ఒకదాని తరవాత ఒకటి, శ్రద్ధగా చూసింది.

"దీంట్లో నా కాలు ఏది?"

"రెండింట్లోనూ ల్యా చిన్నమ్మా."

ఆమె ఫోను నా ఒడిలో పెట్టేసింది. ఆ రోజు ఇంటికి చేరేదాకా మళ్లీ మాట్లాడలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆపరేషను తిరుపతిలో జరిగింది. ఈసారి కాడ పొడుగుది. మూడు వారాలు పూర్తిగా మంచం, ఆపైన వాకరు. నేను కంప్యూటరు తీసుకుని జమ్మలమడుగుకే పోయి ఆమె మంచం పక్కన పనిచేసుకున్నాను. వాళ్లిల్లు బస్సులు పోయే రోడ్డు పక్కనే. పడుకున్నచోటి నుంచే హారను విని "తాడిపత్రి బండి, పది నిమిషాలు లేటు" అనేది. "ఈ డ్రైవరుకు గేరు వేసేది ఎన్నటికి వస్తాది?" అనేది. దుప్పటి కింద ఎడమ కాలు ఆడిస్తూనే ఉండేది. కట్టు మార్చడానికి ఇంటికొచ్చే నర్సు కదలొద్దని చెబితే ఆమె పోయేదాకా ఊరుకుని మళ్లీ మొదలుపెట్టేది.

ఆ మంచం పక్కనే నేను కాడను వెనక్కి వాల్చి, ముందుకు వాల్చి, ఒక్కో ఎముకకు ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి చొప్పున మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టాను. గడువు దాటిపోయింది. మా లీడ్ ఫోన్ చేసి, చెప్పిన పని వదిలేసి ఇదేమిటని అడిగాడు. జరిగిందంతా చెప్పాను, నేను ఆడిన అబద్ధంతో సహా. "అయితే పాతవన్నీ పక్కన పెట్టి రెండు వైపుల నుంచీ చేద్దాం. పైవాళ్లకు నేను చెప్పుకుంటాను" అన్నాడు.

చేస్తున్నాం. పని ముందుకు పోతోంది. కానీ ఇప్పుడు ప్రతి బొమ్మ దగ్గరా నా చేయి ఆగుతుంది. ఇంకా ఏ వైపు కదపలేదో, ఏది తోచలేదో అని. ఆ బెరుకు పోలేదు. పోవాలని కూడా గట్టిగా అనుకోవడం లేదు.

చిన్నమ్మకు బస్సు డ్యూటీ ఇవ్వలేదు. జమ్మలమడుగు స్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. కూర్చోవడం ఆమెకు శిక్ష. నిలబడే మైకులో మాట్లాడుతుంది. మళ్లీ బండి ఇమ్మని అర్జీ పెట్టింది. జవాబు రాలేదు. ఇంకోటి పెట్టింది.

పోయిన ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి "గండికోటకు పోదాం పా" అంది. "కాలు ఎంతమాత్రం పని చేస్తాదో చూసుకోవల్ల." వద్దన్నాను. ఆటో మాట్లాడేశానంది. కోట వాకిలి దగ్గర దిగి, ఊరి ఇళ్ల మధ్య నుంచి, మసీదు దాటి, బండల దాకా నడిచాం. కర్ర ఆమె చేతిలో ఉంది కానీ నేలకు తక్కువే ఆనింది. ఒక్కోచోట కూర్చునేది. లేచినప్పుడల్లా నేను ఆమె కాళ్ల వైపే చూశాను. మొదటి అడుగు. రెండో అడుగు.

"చూసింది చాలుగానీ, అడిగితే పోలా?" అంది, వెనక్కి తిరక్కుండానే. "అడుగు, చెప్తా."

"నొప్పుండాదా చిన్నమ్మా?"

"కొంచెం ఉండాది. ముందటి మాదిరి కాదు. కోసినచోట లాగుతాండాది" అంది. "వచ్చే సోమవారం డాక్టరుకు గూడా ఇదే చెప్తా."

పెన్న లోయ అంచున గాలి గట్టిగా కొడుతోంది. కూర్చుందాం రమ్మన్నాను. ఆమె కర్రను బండకు ఆనించి, నడుము మీద చేతులు పెట్టుకుని అట్లాగే నిలబడింది.